ఫ్లైవీలు, క్లచ్చుల పొత్తు – పాత లారీకి మరొక గేరుబాక్సు

సికింద్రాబాదులో ఒకప్పుడు జేమ్స్ స్ట్రీట్ అను పేరున ప్రసిద్ధమై, నేడు మహాత్మాగాంధీ రోడ్డుగా వ్యవహరింపబడుచున్న వీథి వెంబడి రాణీగంజ్ దిక్కుగా నడచిపోవు బాటసారికి, ఇనుప సామానుల కొట్ల నడుమ మోటారు విడిభాగముల అంగళ్లు బారులు తీరి కనిపించును. పాతకాలపు లారీ నొకదానిని బాగుచేయ సంకల్పించి, దాని అరిగిపోయిన గేరుబాక్సునకు బదులుగా మరియొక గేరుబాక్సు కావలెనని వచ్చిన వానిని, చేయి తిరిగిన వర్తకుడు "ఏ బండి?" అని అడిగి ఊరకుండడు, "పాత క్లచ్ ప్లేటు తెచ్చినారా? ఫ్లైవీలు కొలత ఏదీ?" అని కూడ అడుగును. కొనవచ్చినది గేరుబాక్సు గదా, క్లచ్చుతో నేమి పని యని కొత్తవాడు విస్తుపోవచ్చును. గేరుబాక్సు మార్పు నెగ్గుటయు, చెడుటయు దానికిని ఇంజనుకును నడుమ, బెల్‌హౌసింగు చీకటిలో దాగియున్న జానెడు స్థలములో నిర్ణయమగు ననుట ఆ వర్తకునికి తెలిసినంతగా బండి యజమానులకు తెలియదు.

ఈ నగరమునకు మోటారు బండితో గల సంబంధము నిన్నటిది కాదు. నిజాం స్టేట్ రైల్వే వారు 1932 జూను మాసమున తమ రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను ప్రారంభించిరి; స్కాట్లండులోని గ్లాస్గో నగరమున నిర్మితములైన ఆల్బియన్ బస్సులు ఆ తొలిదినములలో ఇచ్చటి రహదారులపై నడచినవి. తిరుమలగిరిలో సైన్యపు యాంత్రిక విద్యాలయము వెలసి, వాహనముల మరమ్మతును శాస్త్రముగా బోధించుచున్నది. రెండవ ప్రపంచ సంగ్రామము ముగిసిన పిమ్మట సైన్యము వదలుకొన్న షెవర్లే, ఫోర్డు, డాడ్జి లారీలు దేశమంతట వేలములకు వచ్చి, యుద్ధసామగ్రి మోసిన వీపులపైననే ధాన్యపు బస్తాలను, కలపను, గ్రానైటు రాళ్లను మోసినవి. బొంబాయి శివారులోని సేవ్రీ కర్మాగారమున 1928 నుండి షెవర్లే బండ్లను కూర్చిన జనరల్ మోటార్స్ వారు 1954లో ఆ పని చాలించుకొనిరి. ఆ యేడాదియే జంషెడ్‌పూరులో టాటా వారు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సహకారముతో లారీలు చేయ మొదలిడిరి. ప్రీమియర్ వారి డాడ్జి, ఫార్గో లారీలు ఒకవైపు, ఎన్నూరునుండి వచ్చిన లేలండ్ లారీలు మరియొకవైపు తోడైనవి. ఈ విధముగా మన రోడ్లపై అమెరికా వారి అంగుళములు, బ్రిటన్ వారి అంగుళములు, జర్మనీ వారి మిల్లీమీటర్లు ఒక్కచోట కలగలసి తిరిగినవి. ఒక దేశపు ఇంజను వెనుక మరియొక దేశపు గేరుబాక్సును నిలుపుట ఇచ్చటి షెడ్డులలో వింత గాకపోవుటకును, ఆ పని ఇంత చిక్కుముడి యగుటకును ఈ కలగలుపే కారణము.

అసలు గేరుబాక్సును మార్చవలసిన అవసర మెందుకు కలుగును? పాత లారీల గేరుబాక్సులలో పెక్కింటికి, గేర్ల వేగములను తనంతట తానే కలుపు సింక్రోమెష్ అను అమరిక లేదు. గేరు మార్చునపుడు క్లచ్చు నొకసారి త్రొక్కి న్యూట్రలునకు తెచ్చి, విడిచి, ఇంజను వేగమును సరిచేసి, మరల త్రొక్కి గేరు వేయవలెను. దీనినే మన డ్రైవర్లు డబుల్ క్లచ్ అందురు. ఆ విద్య నేర్చిన చేతులు నేడు అరుదైపోవుచున్నవి. ఇక నలువది, ఏబది ఏండ్లు నలిగిన గేర్ల పళ్లు చిట్లి, లేయర్ షాఫ్టు బేరింగులు గోలపెట్టుచుండగా, వానికి సరియైన విడిభాగములు ఏ అంగడిలోను దొరకవు. కొందరికి లోడుతో ఘాట్ ఎక్కుటకు బలమైన మొదటి గేరు కావలెను. వీరు 1940ల చివర జనరల్ మోటార్స్ వారు తమ లారీలకు ప్రవేశపెట్టిన ఎస్.ఎం.420 వంటి నాలుగు గేర్ల పెట్టెను వెదకుదురు, దాని మొదటి గేరు నిష్పత్తి 7.05. మరికొందరికి హైవేపై ప్రశాంతముగా నడుచుటకు ఓవర్‌డ్రైవు గల అయిదు గేర్ల పెట్టె కావలెను.

ఈ రెండవ కోరికను అంకెలతో చూచిన బాగుగా బోధపడును. పాత షెవర్లే ఒకటిన్నర టన్నుల లారీలలో వెనుక ఇరుసు నిష్పత్తి 6.17 గలవి యున్నవి. 7.50-20 టైరు ఒక చుట్టు తిరిగిన సుమారు 2.9 మీటర్ల దూరము సాగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున టైరు నిమిషమునకు దాదాపు 345 చుట్లు తిరుగగా, టాప్ గేరులో ఇంజను 2,100 చుట్లు దాటి తిరుగుచుండును. 80 కిలోమీటర్ల వేగము కోరినచో 2,800 చుట్లకు పైబడును. ఆ కాలపు బరువైన పిస్టనులు గల ఇంజనుకు ఆ పరుగు గంటల తరబడి మంచిది కాదు. ఓవర్‌డ్రైవు నిష్పత్తి 0.8 గల పెట్టె వెనుక నున్నచో, అదే 80 కిలోమీటర్లకు 2,300 చుట్ల లోపుననే సరిపోవును. బండి రూపము చెడకుండ, ఇరుసు నిష్పత్తి మార్చకుండ, ఇంజను ప్రాణమును కాపాడు ఉపాయ మిది. అందుచేత ఈ మార్పును కోరువారిని నేను తప్పుపట్టను.

ఇప్పు డా జానెడు స్థలమును పరిశీలింతము. ఇంజను క్రాంకు షాఫ్టు చివర బోల్టులతో బిగింపబడిన బరువైన ఇనుప చక్రము ఫ్లైవీలు. నాలుగు స్ట్రోకుల ఆరు సిలిండర్ల ఇంజనులో ఒక చుట్టునకు మూడుమారులు మాత్రమే పేలుడు జరుగును గనుక, ఆ మూడు తోపుల నడుమ తిరుగుడు తగ్గకుండ శక్తిని దాచి తిరిగి యిచ్చునది ఈ చక్రమే. దాని అంచున పళ్ల వలయము, రింగ్ గేరు, ఉండును. స్టార్టరు పినియను వచ్చి దానినే పట్టును. దాని ముఖముపై క్లచ్ ప్లేటు ఆనును. ప్లేటును వెనుకనుండి అదిమి పట్టునది ప్రెషర్ ప్లేటు. గేరుబాక్సునుండి ముందునకు పొడుచుకొని వచ్చిన ఇన్‌పుట్ షాఫ్టు, ప్లేటు నడుము రంధ్రపు గాళ్లలో, అనగా స్ప్లైన్లలో, దూరి, కొన భాగమున క్రాంకు చివర నున్న పైలట్ బుష్షులో విశ్రమించును. షాఫ్టును చుట్టుకొని ముందునకును వెనుకకును జరుగు రిలీజ్ బేరింగు, పెడలు త్రొక్కినపుడు ప్రెషర్ ప్లేటు వేళ్లను నొక్కి, ప్లేటుకు విడుదల నిచ్చును. వీనినన్నిటిని కప్పి, ఇంజనును గేరుబాక్సును ఏకశరీరముగా కట్టిపట్టునది బెల్‌హౌసింగు.

ఈ భాగములలో కొన్ని ఇంజను పక్షమువి, కొన్ని గేరుబాక్సు పక్షమువి. ఏది ఏ పక్షమునకు చెందినదో తెలిసిన నాడు సగము పని తీరినట్లే. క్లచ్ ప్లేటు మాత్రము రెండు కుటుంబములకు వియ్యము కలిపిన పిల్ల వంటిది: దాని వెలుపలి వ్యాసము ఫ్లైవీలు ముఖమునకును, ప్రెషర్ ప్లేటునకును సరిపడవలెను, దాని నడుము గాళ్లు గేరుబాక్సు షాఫ్టునకు సరిపడవలెను. కావున గేరుబాక్సు మార్చిన వాడు సాధారణముగా తన పాత ప్లేటు వ్యాసమును, కొత్త షాఫ్టు గాళ్లను కలిగిన మూడవ ప్లేటును వెదకుకొనవలసి యుండును. పాత ప్లేటును షాఫ్టుపై బలవంతముగా దూర్చిన వారును, కొత్త గేరుబాక్సుతో వచ్చిన ప్లేటును చిన్న ఫ్లైవీలుపై ఆనించిన వారును, రెండు రకముల వారును, నెల తిరుగకమునుపే పెట్టె దించవలసి వచ్చును.

గాళ్ల లెక్క నిర్దాక్షిణ్యమైనది. ఎస్.ఎం.420 షాఫ్టు 1⅛ అంగుళము వ్యాసము, 10 గాళ్లు గలది. 1⅛ అంగుళమనగా 28.575 మిల్లీమీటర్లు. మెట్రిక్ కొలతలో చేసిన 28 మిల్లీమీటర్ల ప్లేటు నడుము, అనగా హబ్బు, దానిపై ఎక్కదు. 29 మిల్లీమీటర్లది ఎక్కును గాని కదలాడును. ఆ కదలిక చేతికి చాల స్వల్పమని తోచినను, ప్రతి పేలుడు తోపునకు గాళ్ల అంచులు సుత్తిదెబ్బ తిని, కొంతకాలమునకు హబ్బు లోపల నున్నగా గీచుకొనిపోయి, బండి నడిరోడ్డున గేరులో నుండియు కదలక నిలుచును. గాళ్ల సంఖ్య ఒకటైనను వాని లోతు, వెడల్పు వేరుగా నుండవచ్చును. అందుకనియే షాఫ్టును వెంటబెట్టుకొని పోయి, కొనబోవు ప్లేటును దానిపై ఎక్కించి, చివరనుండి మొదటివరకు తన బరువుతో జారునో, ఎక్కడనైన పట్టునో చూచుకొనుట తప్ప వేరు మార్గము లేదు. కేటలాగులోని అంకెకంటె ఆ జారుడు నమ్మదగినది.

ఫ్లైవీలు విషయమున జనులు మరచునది పళ్ల సంఖ్య. షెవర్లే లారీలు 1950ల నడుమవరకు 6 వోల్టుల విద్యుత్తుతో నడచినవి. 1955లో వచ్చిన కొత్త వరుస 12 వోల్టులకు మారినది. 6 వోల్టుల నాటి ఫ్లైవీలు రింగునకు 139 పళ్లు, 12 వోల్టుల నాటి దానికి 168 పళ్లు. ఒకదానికై చేసిన స్టార్టరు రెండవదానితో పొసగదు. పళ్ల అంతరము వేరు, స్టార్టరు కూర్చుండు తావు వేరు. ఫ్లైవీలు, స్టార్టరు, ఆ స్టార్టరు బిగియు హౌసింగు అను మూడును ఒక్క జట్టు. అందొకటి మార్చిన తక్కిన రెండును ప్రశ్నింపబడును. పెద్ద క్లచ్చు పట్టునని ఆశించి పెద్ద ఫ్లైవీలును కొనితెచ్చినవాడు, అది పాత హౌసింగులో పట్టునో లేదో, స్టార్టరు పినియను దాని పంటి నందుకొనునో లేదో ముందుగా కొలుచుకొనవలెను.

రింగ్ గేరు గూర్చి మరియొక చిన్న విశేష మున్నది. ఆరు సిలిండర్ల ఇంజను ఆగునపుడు, లోపలి గాలి ఒత్తిడివలన, చుట్టు మొత్తములో మూడు తావుల దగ్గరనే తరచుగా నిలుచును. కాబట్టి స్టార్టరు ఎల్లప్పుడు ఆ మూడు చోట్ల పళ్లనే కొరుకును. పాత ఫ్లైవీలును ఎండలో పెట్టి చుట్టును వ్రేలితో తడవి చూచినచో, నూట ఇరువది డిగ్రీల దూరమున మూడు గుంపుల పళ్లు కొనలు మొండివారి, తక్కినవి కొత్తవిగ నుండుట స్పష్టముగా తెలియును. నాలుగు సిలిండర్ల ఇంజనైనచో రెండు చోట్ల. ఇట్టి వలయమును జాగ్రత్తగా ఊడదీసి, సమముగా సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసి, చక్రముపై దించి, తనంతట తానుగా చల్లారనిచ్చిన, గట్టిగా పట్టుకొనును. నీళ్లు చల్లి చల్లార్చిన పగులును. పళ్లకు కోసిన వాలు పినియను వచ్చు వైపునకే యుండవలెను.

ఇక ఫ్లైవీలు ముఖము సంగతి. వేడికి నీలముబారి, సాలెగూడు వంటి సన్నని చీలికలు గలిగిన ఫ్లైవీలును లేత్‌పై ఎక్కించి చదును చేయుట రాణీగంజ్ పరిసరములలో నిత్యకృత్యము. అయినను కొన్ని ఫ్లైవీళ్లు చదునైనవి కావు. ప్లేటు ఆను ముఖము లోతుగాను, ప్రెషర్ ప్లేటు కవరు బిగియు అంచు మెట్టుగాను ఉండును. ముఖమును అర మిల్లీమీటరు కోసి, మెట్టును కోయక విడిచినచో, కవరు ప్లేటునుండి అంత దూరమైపోయి, స్ప్రింగులు పూర్తిగా అణగక, పట్టు తగ్గును. లోడు ఎత్తినంతనే క్లచ్చు జారి, కాలిన వాసన వచ్చును. యజమాని గేరుబాక్సును నిందించును. ముఖము కోసినంత మెట్టును కూడ కోయుమని లేత్‌వానికి నోటితో చెప్పుట చాలదు, కాగితముపై వ్రాసి యిచ్చుట మేలు. వేగము కొరకు లారీ ఫ్లైవీలును తేలిక చేయుమను వారి మాట వినరాదు: బరువుతో నున్న లారీ నిలుకడనుండి కదలునపుడు ఆ బరువే ఆధారము, మరియు అతిగా కోసిన పోత ఇనుప చక్రము వేగమున పగిలినచో డ్రైవరు పాదముల యెదుటనే పగులును.

మరియొక జాగ్రత్త: కొన్ని ఇంజన్లలో క్రాంకు సమతూకమునకు కావలసిన బరువులో కొంతభాగము ఫ్లైవీలులోననే ఉంచుదురు. అట్టి ఇంజనుకు వేరొక ఫ్లైవీలును తగిలించిన, వణుకు పుట్టి మెయిన్ బేరింగులను తినివేయును. కావున విప్పుటకు ముందే క్రాంకుపైనను ఫ్లైవీలుపైనను పంచితో ఒకే గుర్తు కొట్టవలెను. మార్చక తప్పనిచో పాతదానిని, కొత్తదానిని ప్రక్కప్రక్కన బ్యాలెన్సింగు యంత్రముపై పెట్టించి సరితూచవలెను.

ప్రెషర్ ప్లేట్లు రెండు జాతులు. పాతవానిలో చుట్టును కాయిల్ స్ప్రింగులు, మూడు మీటలు. తరువాతివానిలో పళ్లెమువంటి ఒకే డయాఫ్రం స్ప్రింగు, దాని కొనలు వేళ్లవలె లోనికి చీలియుండును. రెండును ఒకే ఫ్లైవీలుపై బిగియవచ్చును గాని, రిలీజ్ బేరింగు వానిని ముట్టు ఎత్తు వేరు. వేళ్ల కొనలు వంపుదేరినవైనచో బేరింగు ముఖము చదునుగాను, వేళ్లు చదునైనచో బేరింగు ముఖము వంపుగాను ఉండవలెనని నియమము. బేరింగు ఎత్తు చాలనిచో పెడలు నేలవరకు త్రొక్కినను క్లచ్చు విడివడదు, గేరు పడునపుడు కరకరలాడును. ఎత్తు మించినచో బేరింగు వేళ్లపై నిరంతరముగా ఆని, తిరిగి తిరిగి కాలిపోవును. బేరింగు గేరుబాక్సు ముక్కుపై జారునది గనుక దాని లోపలి కొలత గేరుబాక్సు పక్షమునకు, దాని ముఖము ప్రెషర్ ప్లేటు పక్షమునకు చెందును. బేరింగును నెట్టు ఫోర్కు, దాని ఇరుసు, పెడలునుండి వచ్చు కడ్డీ, ఇవి ఏ హౌసింగుతో వచ్చినవో ఆ హౌసింగుతోడనే ఉండనిచ్చుట క్షేమము.

క్లచ్చు మోయగల బలమునకు ఒక సూత్ర మున్నది, కష్టమైనది కాదు: ప్లేటునకు రెండు ముఖములు, ఘర్షణ గుణకము సుమారు 0.3, స్ప్రింగుల ఒత్తిడి, ముఖపు సగటు వ్యాసార్థము, ఈ నాలుగింటిని గుణించిన అది మోయు మెలిబలము వచ్చును. ఒత్తిడి 7,000 న్యూటన్లు, సగటు వ్యాసార్థము 0.11 మీటరు అనుకొన్నచో 460 న్యూటన్ మీటర్లు తేలును. ఇంజను ఇచ్చు గరిష్ఠ బలముకంటె ఇది బాగుగా ఎక్కువగా నుండవలెను. నూనె తగిలినను, వేడెక్కినను గుణకము పడిపోవును గనుక ఆ మిగులు అవసరము.

పెట్రోలు ధరలకు వెరచి మన లారీ యజమానులు పాత పెట్రోలు ఇంజనులను దించి డీజెలు ఇంజనులు ఎక్కించిన దినము లుండెను. ఇంగ్లండులోని పీటర్‌బరో నుండి వచ్చి, మద్రాసు సింప్సన్ వారి చేతిలో మన దేశపు వస్తువైన పెర్కిన్స్ పి-6 ఆ పనికి పేరు మోసినది. దాని శక్తి 83 అశ్వములు, గరిష్ఠ వేగము నిమిషమునకు 2,400 చుట్లు. పైన మనము వేసిన లెక్కలో 60 కిలోమీటర్లకే 2,100 చుట్లు దాటినవి గదా. డీజెలు ఇంజను వెనుక పెట్రోలు నాటి ఇరుసును, గేరుబాక్సును ఉంచుకొన్న లారీ ఎందుకు ఎంత త్రొక్కినను పరుగెత్తదో దీనినిబట్టి తెలియును. అదియుగాక, ఇంజనుకును పాత హౌసింగుకును నడుమ అడాప్టరు పలక వేయవలసి వచ్చినచో, పలక మందమెంతయో గేరుబాక్సు అంత వెనుకకు జరుగును. షాఫ్టు కొన అంత మేర పైలట్ బుష్షునకు దూరమగును. కొన బుష్షులో సరిగా దూరనిచో షాఫ్టు ఊగి ముందటి బేరింగును చెరుచును. అడాప్టరు లేక, షాఫ్టు పొడవు మించినచో కొన క్రాంకునకు తగిలి, బోల్టులు బిగించుకొలది క్రాంకునే ముందునకు నెట్టును. రెండును సమాన అనర్థములే. కొలత తీయుట సులభము: హౌసింగు వెనుక ముఖమునుండి బుష్షువరకు గల లోతు, గేరుబాక్సు ముందు ముఖమునుండి షాఫ్టు కొనవరకు గల పొడవు, ఈ రెంటిని పోల్చి చూచిన చాలును. డీజెలు ఇంజను తోపులు పెట్రోలు దానికంటె మొరటు గనుక, నడుమున మెలి స్ప్రింగులు గల ప్లేటునే వాడవలెను.

అన్నిటికంటె సూక్ష్మమైనదియు, అన్నిటికంటె నిర్లక్ష్యమునకు గురియగునదియు కేంద్రము కలియుట. గేరుబాక్సు ముందు భాగమున గుండ్రని అంచొకటి యుండి, హౌసింగు నడుము రంధ్రములో ఇముడును; ఆ రంధ్రపు కేంద్రమును, క్రాంకు కేంద్రమును ఒకే రేఖపై నుండవలెను. వేరొక బండి హౌసింగు తెచ్చినను, రంధ్రమును లేత్‌పై పెంచినను, రింగు వేసి తగ్గించినను ఈ రేఖను తప్పక పరీక్షింపవలెను. మంచి మేస్త్రీ ఈ పని చేయుచుండగా చూచుట కన్నులపండువు. అతడు క్లచ్చు నింకను బిగింపక, ఉత్త ఫ్లైవీలుపై డయల్ గేజి నిలిపి, దాని ముల్లును హౌసింగు రంధ్రపు లోపలి గోడకు ఆనించును; ఒకడు ముందునుండి ఇంజనును చేత్తో మెల్లగా త్రిప్పుచుండ, అతడు మోకాళ్లపై కూర్చుండి ముల్లు కదలికను చూచుచు, పై, క్రింద, కుడి, ఎడమ నాలుగు తావులందును సుద్దముక్కతో అంకె వేయును. చుట్టు మొత్తములో ముల్లు కదలిక అంగుళములో వేయింట అయిదు వంతులకు, అనగా సుమారు 0.13 మిల్లీమీటరునకు మించరాదు. ముల్లు చూపిన దానిలో సగమే నిజమైన కేంద్రభేద మని మరువరాదు. మించినచో కేంద్రము తప్పించి చేసిన డోవెల్ పిన్నులు వేసి హౌసింగును జరుపుదురు. ఇదంతయు చేసిన వెనుక ముల్లును రంధ్రపు గోడనుండి హౌసింగు వెనుక ముఖముపైకి మార్చి, అది క్రాంకునకు లంబముగా నున్నదో లేదో చూచుదురు. ఒక పూట పట్టు పని. దీనిని వదలినవారి బండిలో పైలట్ బుష్షు తొందరగా అరుగుట, గేరు దానంతటదే జారుట, క్లచ్ ప్లేటు నడుము చీలుట జరుగును. అప్పుడు ఎన్ని కొత్త ప్లేట్లు మార్చినను వ్యాధి మూలము అక్కడనే యుండును.

పైలట్ బుష్షు నూనె పీల్చిన కంచు పొడితో చేసినది. దానికి గ్రీజు పూయుట మన షెడ్లలో అలవాటు. ఆ గ్రీజు కంచులోని సూక్ష్మరంధ్రములను మూసి, నూనెను బయటికి రానీయదు, వేడికి కరగి ప్లేటుపై చింది క్లచ్చును జార్చును. ఇంజను నూనెలో నానవేసి దిగగొట్టుట సరియైన పద్ధతి.

పాత క్లచ్చు విప్పు వారికి నేను ఒత్తి చెప్పదలచిన మాట యొకటి. ఆ కాలపు ప్లేట్ల ముఖములలో ఆస్బెస్టాసు నార కలిపెడివారు. ఏండ్ల తరబడి అరిగిన ఆ ధూళి బెల్‌హౌసింగులో నల్లగా పేరుకొని యుండును. దానిని కంప్రెసరు గాలితో ఊదుట పరిపాటి. షెడ్డులో పని నేర్చుకొను కుర్రవాడు ఆ మేఘములో నిలిచి ఊపిరి పీల్చును. ఆ నార ఊపిరితిత్తులలో దిగి, ఇరువది ముప్పది ఏండ్లకు ప్రాణాంతక వ్యాధియై బయటపడును. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో కట్టి పారవేయుటకు ఖర్చు లేదు. కుర్రవానిని దూరముగా నిలుపుటకు అంతకంటెను లేదు.

కూర్పు సమయమున గేరుబాక్సు బరువును షాఫ్టుపై వ్రేలాడనీయరాదు. ఒక్క నిమిషము వ్రేలాడినను ప్లేటు నడుము వంగును, ఆ వంకర క్లచ్చు విడివడకుండ చేయును. హౌసింగు పై రెండు రంధ్రములలో తలలు లేని పొడుగు స్టడ్లు రెండు బిగించి, వానిమీదుగా పెట్టెను జార్చిన శ్రమ తగ్గును. ప్లేటును కేంద్రమున నిలుపుటకు చెడిపోయిన గేరుబాక్సునుండి తీసిన పాత ఇన్‌పుట్ షాఫ్టు కంటె మంచి పనిముట్టు లేదు, గాళ్లు కొత్తదానితో సరిపడిన పక్షమున. ప్లేటుపై ఫ్లైవీలు వైపని అచ్చొత్తిన ముఖము ఫ్లైవీలు వైపే యుండవలెను. తిరుగవేసినచో హబ్బు ఫ్లైవీలు బోల్టుల తలలకు రాచుకొనును. కవరు బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగించవలెను.

మార్పు చేయవచ్చును గాని పాతదానిని పాతయినుమువానికి అమ్మరాదని నా అభిప్రాయము. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2021 జూలైలో ప్రకటించిన వింటేజి నియమములు 50 ఏండ్లు నిండి, మౌలిక రూపము చెడని ద్విచక్ర వాహనములకును, కార్లకును ప్రత్యేక రిజిస్ట్రేషను కల్పించినవి; సరుకు లారీలకు అందు చోటు లేదు. చట్టము గుర్తింపని ఆ వస్తువు చరిత్రను కాపాడు భారము యజమానిదే యగుచున్నది. కావున తీసిన గేరుబాక్సు, ఫ్లైవీలు, క్లచ్చు, స్టార్టరు నాలుగింటిని నూనె పూసి, ఒకేచోట, ఏ బండివో చీటీ కట్టి ఉంచినచో, ముందు తరమువాడు కోరిన నాడు మరల మూలరూపమునకు తేగలడు. హౌసింగును కోసి పెంచుటకు బదులు, వేరొక హౌసింగును వెదకుటయో, విప్పదగిన రింగు వేయుటయో మేలనుట ఇందుకే. ఆల్బియన్ బస్సు వంటి అపురూప వస్తువుల విషయములో నైతే, గేరుబాక్సు ఎంత గోల చేసినను మార్పు తగదు. దానికి కావలసిన గేరునే పోతపోయించి, కోయించి వేయవలెను.

కూర్పు ముగిసిన వెనుక పెడలు కొనయందు ముక్కాలు నుండి ఒక అంగుళమువరకు ఖాళీ కదలిక మిగులునట్లు కడ్డీని సరిచేసి, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయక, క్లచ్చును జార్చక నడపవలెను. ఆ పిమ్మట ఖాళీని మరల చూచి సరిచేయవలెను, ఏలయనగా కొత్త ముఖములు సర్దుకొనుకొలది ఆ ఖాళీ తరుగుచుండును. హౌసింగు అడుగున నున్న చిన్న రంధ్రమును మట్టితో పూడనీయరాదు. అక్కడినుండి చుక్కలు రాలినచో వ్రేలితో తీసి చూడవలెను: పలుచగా, నల్లగా నున్నది ఇంజను నూనె, లోపము క్రాంకు వెనుక సీలుది; చిక్కగా, గంధకపు వాసనతో నున్నది గేరు నూనె, లోపము ఇన్‌పుట్ షాఫ్టు సీలుది. ఏ నూనెయైనను ప్లేటునకు చేరకమునుపే పెట్టె దించుట మంచిది. ఒకసారి నూనె త్రాగిన ముఖమును పెట్రోలుతో కడిగి ఆరబెట్టి తిరిగి వేయువారు కలరు గాని, అది వేడెక్కిన ప్రతిమారు లోపలినుండి నూనె నుబికించుచునే యుండును.